కావలసిన సామగ్రి

అప్పాజీ మాస్టారు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. తన డ్రాయింగు క్లాసు బాగా నడుస్తోందని పైవాళ్ళకి ఎన్నడూ రాతపూర్వకంగా తెలియజేసుకోలేదు. తెలియజేసుకుని ఉంటే, దాన్ని బాగుచెయ్యాలన్న ఆలోచన వాళ్ళకి వచ్చి ఉండేది కాదు.

గూటాలపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉత్తరం వైపు చివరి గది ఆయనది. పూర్వం అక్కడ వడ్రంగం నేర్పేవారు. వడ్రంగం మాస్టారు రిటైరయ్యాక బల్లలూ, పెద్ద పెద్ద కిటికీలూ మిగిలాయి. ఆ రెండూ ఉంటే నాకింకేం కావాలనుకుని అప్పాజీ మాస్టారు అందులోకి మారిపోయారు. ఆయనకో కుర్చీ ఉండేది గానీ దాంట్లో ఎప్పుడూ రంగుల డబ్బాలే కూర్చునేవి. బుధవారం ఆఖరి రెండు పీరియడ్లూ ఏడో తరగతి. గంట కొట్టగానే నలభై రెండు మంది పిల్లలు పొలోమని వచ్చిపడేవారు. ఎవరికి వాళ్ళే బీరువా తెరిచి కాగితం తెచ్చుకునేవారు, కుళాయి దగ్గర డబ్బాల్లో నీళ్ళు పట్టుకునేవారు. ఏం బొమ్మ వెయ్యాలో ఎవరిష్టం వాళ్ళది. మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ, "ఇక్కడేం జరుగుతోంది?" అని అడిగేవారు. పిల్లలు చెప్పేవారు. ఎవరైనా చిక్కుకుపోతే, ఓ చిత్తుకాగితం మీద రెండు గీతలు గీసి చూపించి పక్క బల్లకి పోయేవారు. పిల్లల బొమ్మ మీద ఆయన చెయ్యి వెయ్యగా చూసినవాళ్ళు లేరు.

ఆ గదికి ఒక్కటే రూలు. గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉండేది: తీసింది కడగాలి, తీసినచోటే పెట్టాలి.

ఆ ఏడాది వీరవేణి అనే పిల్లకి గేదె చిక్కు వచ్చింది. వాళ్ళ నాన్నకి నాలుగు గేదెలు. సాయంత్రం కాలవలోంచి గేదె పైకొచ్చినప్పుడు దాని వీపు మెరుస్తుంది చూడండి, ఆ మెరుపు ఈ పిల్లకి కావాలి. మూడు కాగితాలు పాడయ్యాయి.

"నల్లగా వేస్తే మెరవట్లేదండి మాస్టారూ. తెల్లగా వేస్తే గేదె అవట్లేదండి."

"అసలు చిక్కు పట్టేశావే!" అని మాస్టారు సంబరపడిపోయారు. "గంట కొట్టేస్తున్నారు. వచ్చే బుధవారం చూపిస్తాను, సరేనా?"

ఆ వచ్చే బుధవారానికి ముందు సోమవారం వచ్చింది. సోమవారం నాడు సర్క్యులరు వచ్చింది.

హెడ్మాస్టరు భీమశంకరం గారు మంచివారే. ఆయన పిల్లలకి భయపడరు, పాములకి భయపడరు, కవరు మీద ప్రభుత్వ ముద్ర కనిపిస్తే మాత్రం మంచినీళ్ళు తాగి గానీ విప్పరు. ఆ రోజు రెండు గ్లాసులు తాగి, స్టాఫు రూములో నిలబడి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చిత్రకళా బోధనయందు ఉపాధ్యాయుని పెత్తనమును నిర్మూలించి, విద్యార్థి కేంద్రిత చిత్రకళా గదులను నెలకొల్పుటకు నిర్ణయించడమైనది. విద్యార్థుల స్వేచ్ఛను కట్టుదిట్టముగా అమలుపరచవలెను. స్వేచ్ఛ విషయమై ఎట్టి మినహాయింపులూ కోరరాదు."

అప్పాజీ మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. "మన దగ్గర జరిగేది అదేగా సార్."

"అలా అనకండి మాస్టారూ," అన్నారు హెడ్మాస్టరు గారు కంగారుగా. "జరుగుతోందని మనమే అనేసుకుంటే ఎలా? వాళ్ళు వచ్చి చెప్పాలి."

చెప్పడానికి జిల్లా సృజన సమన్వయాధికారి ధనంజయ గారు ఆ బుధవారమే స్వయంగా దయచేశారు. చేతిలో టేపు, చంకలో ఫైలు, వెనక ఓ ఫొటోగ్రాఫరు. గుమ్మంలో నిలబడి క్లాసంతా కలయజూశారు. సత్తిబాబు బీరువాలోంచి నీలం సీసా తీసుకుపోతున్నాడు. ఇద్దరు నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తున్నారు. ఒకడు కిటికీలోంచి కాకిని చూస్తున్నాడు.

"ఆ అబ్బాయి సీసా తీసుకోవడానికి అనుమతి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి. వాడికి కావాల్సి తీసుకున్నాడు."

"చూశారా! ఇది అస్తవ్యస్త స్వేచ్ఛ," అన్నారు ధనంజయ గారు ఫైల్లో రాసుకుంటూ. "ప్రభుత్వం కోరుతున్నది వ్యవస్థీకృత స్వేచ్ఛ. పిల్లవాడు స్వేచ్ఛగా ఉన్నాడనడానికి మీ దగ్గర ఒక్క కాగితం ముక్కయినా ఉందా?"

మాస్టారు పిల్లల బొమ్మల కట్ట చూపించబోయారు. ధనంజయ గారు తల అడ్డంగా ఊపారు. సంతకాలు లేవట.

వారం తిరక్కుండా గది గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఒక మూల రంగుల కేంద్రం, రెండో మూల కాగితాల కేంద్రం, మూడో మూల మట్టి కేంద్రం. నాలుగో మూల ఓ చాప పరిచి ఆలోచనా కేంద్రం అని బోర్డు పెట్టారు. ఆలోచించదలచినవాళ్ళు అక్కడికి వెళ్ళి ఆలోచించి రావాలి. వేరేచోట ఆలోచించరాదు. అరల్లో ప్రతి వస్తువు చుట్టూ దాని ఆకారం గీసి నంబరు వేశారు. కుంచె కింద కుంచె ఆకారం, సీసా కింద సీసా ఆకారం. బీరువా నెత్తిన పడి ఉన్న విరిగిన గ్లోబు చుట్టూ కూడా గీశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఎంపిక చీటీ. ఏం బొమ్మ వేస్తావు, ఎందుకు వేస్తావు, కావలసిన సామగ్రి ఏమిటి, ఎన్ని. కింద విద్యార్థి సంతకం. బొమ్మ మొదలెట్టాక మనసు మారితే మనసు మార్పు చీటీ వేరే ఉంది, పసుపురంగుది.

నియమావళిలో ఏడో నియమం ధనంజయ గారు రెండుసార్లు చదివి వినిపించారు. "విద్యార్థి చీటీలో కోరిన సామగ్రిని ఎదురుప్రశ్న వేయక తక్షణము సమకూర్చవలెను." ఎనిమిదోది ఒక్కసారే చదివారు. "విద్యార్థి కోరనిదేదియు గదిలో ఉండరాదు."

ఎనిమిదో నియమం కింద మాస్టారి కుర్చీ బయటికి పోయింది.

మాస్టారి వంతు కాస్త నెమ్మదిగా వచ్చింది. మొదటి నెల ఆయన పీరియడుకి వంద మాటల కన్నా ఎక్కువ మాట్లాడకూడదన్నారు. లెక్కపెట్టే బాధ్యత లెక్కల మాస్టారి మీద పడింది. ఆయన గుమ్మం పక్కన స్టూలేసుకుని కూర్చుని గీతలు పెట్టేవారు. "ఆ" అన్నా గీతే, దగ్గినా గీతే. వీరవేణి బల్ల దాకా వెళ్ళేసరికి మాటలు అయిపోయేవి. రెండో నెలకి ఇరవై మాటలు. మూడో నెల నుంచి అసలు మాటే లేకుండా కిటికీ బయట నిలబడి చూడవచ్చునన్నారు, అదీ నవ్వకుండా. నవ్వితే పిల్లల ఎంపిక మీద ప్రభావం పడుతుందట.

ఇక లోపల చూడండి నా సామిరంగా! ఎనభై నిమిషాల్లో అరవై చీటీలకే సరిపోయేవి. పది నిమిషాలు ఆలోచనా కేంద్రం దగ్గర క్యూ. సత్తిబాబు ఓ రోజు అక్కడే నిద్రపోయాడు. లోతుగా ఆలోచిస్తున్నాడని ఫొటో తీసుకున్నారు. మిగిలిన పది నిమిషాల్లో కుంచె ముంచబోతే దాని ఆకారం ఖాళీగా కనబడుతోందని మళ్ళీ అక్కడ పెట్టించేవారు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఇష్టమొచ్చినట్టు బొమ్మలేసుకునే పిల్లలకి స్వేచ్ఛ వచ్చి బొమ్మలు పోయాయి.

అయితే పిల్లలు మనలాంటివాళ్ళు కారు. ఏడో నియమంలో కండ ఎక్కడుందో రెండో వారానికే పట్టేశారు. సత్తిబాబు తన చీటీలో, "కావలసిన సామగ్రి: ట్రాక్టరు – 1" అని రాశాడు. హెడ్మాస్టరు గారు మంచినీళ్ళు తాగి, ఎదురుప్రశ్న వేయక, ఎదురింటి వాళ్ళ ట్రాక్టరు బతిమాలుకుని తెచ్చి గది ముందు నిలబెట్టించారు. మరో పిల్ల కోడిపుంజు కోరింది, వచ్చింది. మూడో నెలలో వీరవేణి ఏం కోరిందో వేరే చెప్పాలా? గేదె – 1. వాళ్ళ నాన్నే తోలుకొచ్చాడు. స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, నంబరు వేసి, క్లాసయ్యాక వాపసు రాసుకున్నారు. ధనంజయ గారు గేదె పక్కన నిలబడి ఫొటో దిగి పైకి పంపించారు. ఎంపికల అమలు నూటికి నూరు శాతమని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

కాని గేదె వచ్చేసరికి వీపు ఆరిపోయింది. తడి గేదె అని రాయలేదుగా మరి. వీరవేణి నల్లరంగు పూసింది. ఎండిన గేదె వచ్చింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో కిటికీ వైపు చూసింది. బయట అప్పాజీ మాస్టారు చెయ్యి పైకెత్తబోయారు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. సైగ కూడా మాటేనని కొత్త ఉత్తర్వు. మాస్టారు ఎత్తిన చెయ్యి దించి జేబులో పెట్టుకున్నారు. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో కవరు వచ్చింది. హెడ్మాస్టరు గారు మూడు గ్లాసులు తాగారు. చదవకుండా మాస్టారి చేతికే ఇచ్చేశారు.

ఉపాధ్యాయుని జోక్యము సున్నా శాతమునకు చేరినందున సదరు పాఠశాలను అభినందించడమైనది. జోక్యము అవసరము లేని చోట జోక్యము చేసుకొను ఉద్యోగి అవసరమూ లేనందున, రాబోవు తనిఖీలో ఈ సున్నా నిర్ధారణ అయిన పిదప, డ్రాయింగు మాస్టరును మండల పాఠ్యపుస్తకముల గోడౌనునకు మార్చగలము.

"జోక్యం తగ్గించకపోతే మెమో ఇస్తామన్నారు. తగ్గిస్తే గోడౌనంటారు. ఇదేం న్యాయం సార్?"

"న్యాయం గురించి సర్క్యులరు రాలేదు మాస్టారూ," అన్నారు భీమశంకరం గారు దిగులుగా. అందులో వెటకారమేమీ లేదు. పాపం నిజంగానే వెతికి చూశారాయన.

గోడౌను సంగతి పిల్లలకి ఎలా తెలిసిందో గానీ తెలిసిపోయింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల బెల్లులో, లెక్కల మాస్టారు లేకుండా చూసి, వీరవేణి వరండాలోకి వచ్చింది.

"మాస్టారూ, గోడౌనులో పిల్లలుంటారాండీ?"

"ఉండరమ్మా. పుస్తకాలుంటాయి."

"అవి బొమ్మలెయ్యవు కదండీ?"

"వెయ్యవు."

ఆ పిల్ల కాసేపు కాలి బొటనవేలితో నేల మీద రాసింది. "చీటీలో మేమేం రాసినా ఇచ్చెయ్యాలాండీ?"

"రూలైతే అదేనమ్మా. తనిఖీకి మీ ఇష్టాల పట్టిక హెడ్మాస్టరు గారు తయారుచేస్తున్నారుగా, అందులో ఉన్నట్టు రాయండి. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి."

"ఆయ్, అలాగేనండి," అంది వీరవేణి బుద్ధిగా.

నిజమే, హెడ్మాస్టరు గారు పట్టిక తయారుచేశారు. తనిఖీ రోజున ఎవడైనా ఏనుగునో రైలింజన్నో కోరితే తనెక్కడినుంచి తేవాలని ఆయనకి రాత్రిళ్ళు నిద్రలేదు. అంచేత నలభై రెండు మందికీ నలభై రెండు ఇష్టాలు పంచిపెట్టి, వారం రోజులు బట్టీ పట్టించారు.

"నీ ఇష్టం ఏంటి బాబూ?"

"జాతీయ జెండా అండి."

"శభాష్. ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారండి."

"అలా అనకూడదు! నాకే తోచిందండి అనాలి. ఏదీ, మళ్ళీ చెప్పు. వీరవేణీ, నీ ఇష్టం?"

"గేదండి."

"కాదమ్మా. నీ ఇష్టం తామరపువ్వు. ఇదిగో, పట్టికలో ఉంది చూడు. పెద్దవాళ్ళొచ్చినప్పుడు గేదేమిటి, అసహ్యంగా."

బొమ్మ పేరుకి పట్టిక వేశారు, ఎందుకు వేస్తున్నావన్నదానికి పట్టిక వేశారు. పాపం పెద్దాయన, మూడో గడి దగ్గరికొచ్చేసరికి అలిసిపోయారు. "సామగ్రి గడిలో ఏదో ఒకటి మీరే రాసుకోండర్రా, కుంచో కాగితమో," అనేశారు. ఆ స్కూల్లో ఆ ఏడాది మొత్తానికి పిల్లలకి దొరికిన అసలైన ఇష్టం ఆ ఒక్క గడే.

తనిఖీకి సంయుక్త సంచాలకులు అమృతవల్లి గారు వచ్చారు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు, తక్కువ మాటలు. పక్కన ధనంజయ గారు పెళ్ళికొడుకు తరపు పెద్దలా తిరుగుతున్నారు. నేల తడిబట్టతో తుడిచి ఉంది. కుంచెలన్నీ కుంచె ఆకారాల్లో పడుకున్నాయి. అప్పాజీ మాస్టారు నిబంధన ప్రకారం కిటికీ బయట, మొహంలో ఏ భావమూ లేకుండా నిలబడ్డారు. సంచీ సర్దుకునే వచ్చారాయన. సంచీలో తన సొంత కుంచెలు మూడున్నాయి.

"గమనించండి మేడమ్," అన్నారు ధనంజయ గారు. "జోక్యం సున్నా. ఆయన ఉన్నా లేనట్టే. ఇక లేకపోయినా లేనట్టే."

పిల్లలు చీటీలు రాసి పళ్ళెంలో పెట్టారు. అమృతవల్లి గారు పైచీటీ తీసి పైకి చదివారు.

"కె. సత్తిబాబు. వేయబోవు బొమ్మ: మామిడిపండు. ఎందుకు: జాతి సమైక్యత కొరకు. కావలసిన సామగ్రి..." ఆమె ఆగి, కళ్ళద్దాలు సర్దుకున్నారు. "డ్రాయింగు మాస్టారు – 1."

హెడ్మాస్టరు గారు మంచినీళ్ళ కోసం చూశారు.

రెండో చీటీ తీశారు. జాతీయ జెండా. డ్రాయింగు మాస్టారు – 1. మూడోది, పదోది, ముప్ఫయ్యోది. అడుగున తామరపువ్వు చీటీ. దాంట్లో మాత్రం కాస్త వివరంగా ఉంది: "డ్రాయింగు మాస్టారు – 1. (మాట్లాడేది.)"

"ఇది కుట్ర!" అన్నారు ధనంజయ గారు. "ఆయనే నేర్పించి ఉంటారు."

"ఆయన మాటలు ఈ నెలంతా సున్నా అండి," అన్నారు లెక్కల మాస్టారు పుస్తకం చూపించి. "నాది తప్పు లెక్కంటే ఒప్పుకోను."

"మనిషి సామగ్రి ఎలా అవుతాడు మేడమ్? ప్రాణమున్నది సామగ్రి కాదు."

అమృతవల్లి గారు స్టాకు రిజిస్టరు తెప్పించి నిదానంగా పేజీలు తిప్పారు. "నూట పదిహేడో నంబరు, గేదె. ఇది ప్రాణం లేనిదా? పక్కన మీరు నిలబడ్డ ఫొటో మా ఆఫీసు గోడకి తగిలించాం."

ధనంజయ గారు ఫైలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"నియమావళి చదవండి. సామగ్రి అంటే?"

ఆయన ఫైలు తెరిచి చదివారు. "చిత్రకళాభ్యాసములో విద్యార్థి ఉపయోగించు ప్రతిదియు."

అమృతవల్లి గారు పిల్లల వైపు తిరిగారు. "ఆయన్ని మీరు ఉపయోగిస్తారా?"

"ప్రతి బుధవారం వాడేవాళ్ళమండి!" అని నలభై రెండు గొంతులు ఒక్కసారి లేచాయి. ఇది పట్టికలో లేదు. ఎవరూ బట్టీ పట్టించలేదు.

"అయితే సమకూర్చండి," అన్నారావిడ. "ఒక్క చీటీ తిరస్కరిస్తే మన శాతం పడుతుంది. నలభై రెండూ తిరస్కరిస్తే సున్నా అవుతుంది. ఈ బడికి వంద శాతమని నేను సంతకం పెట్టి పంపాను. ఎక్కించండి."

అలా ఎక్కించారు. నంబరు నూట పద్దెనిమిది. వస్తువు: డ్రాయింగు మాస్టారు. సంఖ్య: ఒకటి. స్థితి: పాతది, పనిచేయుచున్నది. అరిగిపోయేదా, నిలిచి ఉండేదా అన్న గడి దగ్గర చిన్న చర్చ జరిగింది. రిటైరయ్యేదాకా నిలిచి ఉంటుందని భీమశంకరం గారు హామీ ఇచ్చారు. మాట్లాడేది అన్న మాట మీద ధనంజయ గారు అభ్యంతరం లేవదీశారు గానీ, ఉపాధ్యాయుడు మాట్లాడకూడదని ఉంది తప్ప సామగ్రి చప్పుడు చెయ్యకూడదని ఎక్కడా లేదు. ట్రాక్టరు ఎంత చప్పుడు చేసిందో అందరికీ గుర్తే.

"మరి గోడౌను ఉత్తర్వు?" అన్నారు హెడ్మాస్టరు గారు మెల్లిగా.

"స్టాకులో ఎక్కిన వస్తువు గేటు దాటాలంటే పనికిరాదని కమిటీ తీర్మానించాలి కదా?" అన్నారావిడ. "మీ దగ్గర ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది?"

అందరూ బీరువా నెత్తికేసి చూశారు. విరిగిన గ్లోబు కోసం పదకొండేళ్ళ క్రితం కూర్చున్న కమిటీ ఇంకా లేవలేదు. అమృతవల్లి గారు కలం మూత పెట్టుకున్నారు. ఆవిడ నవ్వారో లేదో తెలీదు, కళ్ళద్దాలు తుడుచుకునే వంకన తల దించుకున్నారు.

ఆఖరికి ఆకారం గీయాల్సి వచ్చింది. ఏ వస్తువైనా దాని చోటు గీసి ఉండాలి కదా. అప్పాజీ మాస్టారిని లోపలికి పిలిచి, కిటికీ పక్కన నిలబెట్టి, చెప్పుల చుట్టూ సుద్దముక్కతో గీశారు. ఆయన అలవాటుగా లెక్కల మాస్టారి వైపు చూశారు. లెక్కల మాస్టారు స్టూలు చంకన పెట్టుకుని బయటికి పోతూ, "ఇంక మాట్లాడొచ్చండి, నేను లెక్క మూసేశాను," అని చెప్పాల్సి వచ్చింది.

ఆయన తిన్నగా వీరవేణి బల్ల దగ్గరికి వెళ్ళారు. కాగితం మీద తామరపువ్వు లేదు. వెనక్కి తిప్పి చూస్తే గేదె.

"ఇక్కడేం జరుగుతోంది?" అన్నారు.

"మెరవట్లేదండి."

"ముందు ఆ నల్ల సీసాకి మూత పెట్టు. నలుపుతో గేదె రాదమ్మా. ఆ ముదురు గోధుమరంగూ, ఈ నీలమూ కలిపి చూడు." సంచీలోంచి తన కుంచె తీసి చిత్తుకాగితం మీద చూపించారు. "వీపు మీద ఈ కాస్త ముక్క వదిలెయ్. ఏం పూయకు. కాగితమే మెరుస్తుంది. దాని అంచున నీళ్ళ నీలం. తడి వీపు మీద ఆకాశం పడుతుంది కదా, అదీ మెరుపు."

వీరవేణి నాలుక బయటపెట్టి వేసింది. వదిలేసిన తెల్లముక్క చుట్టూ గేదె మెల్లిగా నీళ్ళలోంచి పైకొచ్చింది. "ఓలమ్మో!" అంది ఆ పిల్ల. అప్పటికి పక్క బల్లల వాళ్ళంతా మీద పడిపోయారు. ఒక్క మాస్టారు, నలభై రెండు చీటీలు. వంతులేసుకుని వాడుకున్నారు.

గంట కొట్టారు. డబ్బాలు, కుంచెలు కడిగి ఎక్కడివక్కడ పెట్టారు. మాస్టారు సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచారు.

"మాస్టారూ! అలా వెళ్ళిపోతారేంటండీ?" వీరవేణి గోడ మీది ఎర్ర అక్షరాలు చూపించింది.

వెళ్ళనిచ్చారా? చెరో చెయ్యీ పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళారు. ఇద్దరు సబ్బు రుద్దారు, ఇద్దరు నీళ్ళు పోశారు. గోళ్ళ సందుల్లో ఉన్న నీలం పోయేదాకా వదల్లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే సబ్బు పడిందేమోనని సత్తిబాబు మొహం కూడా కడిగేశాడు. తర్వాత తెచ్చి, సుద్ద గీతల్లో పాదాలు సరిగ్గా పడ్డాయో లేదో వంగి చూసి, నిలబెట్టారు.

హెడ్మాస్టరు గారు తాళంతో, రిజిస్టరుతో వచ్చారు. ఒక్కొక్క వస్తువూ చూసి టిక్కు పెట్టుకుంటూ నూట పద్దెనిమిది దగ్గర ఆగారు.

"సార్," అంది వీరవేణి, "మళ్ళీ బుధవారం దాకా ఈయన్ని ఇంకే ఊరికీ ఇవ్వకండి."

భీమశంకరం గారు ఆ ఏడాదిలో మొదటిసారి మంచినీళ్ళు తాగకుండానే కలం తీసి, నూట పద్దెనిమిది పక్కన, "ఇవ్వబడదు" అని రాసి సంతకం పెట్టారు.